తొంభై శాతం దాటిన ఫుట్‌బాల్ జట్టు

ఆపదలు రెండు రకాలు. అడక్కుండా వచ్చిపడేవి ఒక రకం, దరఖాస్తు పెట్టుకుని మరీ తెచ్చుకునేవి ఇంకో రకం. నాది రెండో రకం. సస్కటూన్‌లో చదువుకునే రోజుల్లో ఒక ఆదివారం పొద్దున, ఒకే ఒక్క కాగితం చదివి, ఒక హోటలు నిండా ఉన్న జనానికి కాఫీ గొంతులో అడ్డం పడేలా చేసిన ఘనత నాకుంది. ఇప్పటికీ ఆ పొద్దు గుర్తొస్తే నా నెత్తిన నేనే మొట్టికాయ వేసుకుంటాను. మా ఆయన చూసి "తలనొప్పా?" అంటాడు. "అవును, పాతది" అంటాను.

ముందు దరఖాస్తు సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మన పిల్లలు కెనడాకి వరదలా వస్తున్నారు. యూనివర్సిటీ బస్సెక్కితే ఒక సీట్లో గుంటూరు, వెనక సీట్లో వరంగల్, నిలబడ్డవాళ్ళలో కడప. అందరికీ కావలసింది ఒక్కటే, పార్ట్ టైమ్ ఉద్యోగం. హోటల్లో అంట్లు తోమడానికి మనిషి కావాలని అద్దానికి కాగితం అంటిస్తే, జిగురు ఆరకముందే నలభై మంది తలుపు దగ్గర ఉండేవాళ్ళు. నరసరావుపేటలో మా ఇంట్లో నేను తాగిన కాఫీ గ్లాసు నేను ఏనాడూ కడిగి ఎరగను. అలాంటిదాన్ని, ఎవరో తాగిన గ్లాసు కడిగే భాగ్యం కోసం మంచులో రెండు నెలలు తిరిగాను. ఖర్చులకు ఇంటికి ఫోన్ చేయనని వచ్చేటప్పుడు నాన్నకు మాటిచ్చాను మరి. ఎవరడిగారు ఆ మాట? ఎవరూ అడగలేదు. అడగనివి ఇవ్వడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఈ కథంతా ఆ జబ్బు గురించే.

మేముండే బేస్‌మెంట్‌లో మాకంటే ముందు సురేష్ అన్న అని ఒక సీనియర్ ఉండి వెళ్ళాడట. నేను ఆయన్ని చూడలేదు. ఆయన రెజ్యూమె మాత్రం ఇంటి తాళంచెవులతో పాటు ఒకరి నుంచి ఒకరికి అందుతూ వచ్చింది. దాంతో ఆయనకు మూడు ఉద్యోగాలు వచ్చాయని చెప్పుకునేవాళ్ళు. కలిసొచ్చిన రెజ్యూమెలో అక్షరం కదిపితే కళ తప్పుతుందని మా అందరి నమ్మకం. నేను పేరు, ఫోన్ నంబరు, చదువు మార్చి, మిగతాదంతా ఎలా ఉన్నది అలా ఉంచాను. చిట్టచివర ఒక వాక్యం ఉంది: "కాలేజీ ఫుట్‌బాల్‌ను ఎంతో శ్రద్ధగా అనుసరిస్తాను." సురేష్ అన్న ఆ ఊరి స్టేడియం గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడట, అందుకని రాసుకున్నాడు. నాకు ఫుట్‌బాల్ గురించి తెలిసిందల్లా బంతి గుండ్రంగా ఉంటుందని. ఈ దేశంలో అదీ తప్పేనని తరవాత తెలిసింది.

ఆ రెజ్యూమె పట్టుకుని డొరీన్ హోటలుకు వెళ్ళాను. పొద్దున ఆరింటికి తెరిచి మధ్యాహ్నం మూడింటికి మూసేసే చిన్న హోటలు. గుడ్లు, బంగాళదుంపలు, పాన్‌కేకులు, ఎంత తాగితే అంత కాఫీ. డొరీన్‌కు అరవై దాటాయి. ఆవిడ కళ్ళజోడు ముక్కు చివరకు జార్చుకుని నా రెజ్యూమె మొదటి నుంచి చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగి, కళ్ళజోడు మీదుగా నన్ను చూసింది.

"కాలేజీ ఫుట్‌బాలా?"

"అవునండీ. చిన్నప్పటి నుంచీ."

అయ్యా, ఆ "చిన్నప్పటి నుంచీ" ఎందుకో మీరే చెప్పండి. "అవును" అంటే సరిపోయేది. అబద్ధం ఆడితే అతికినట్టుండాలన్నారు గానీ ఎంబ్రాయిడరీ చేయమనలేదు. డొరీన్ మాత్రం "రేపు ఆరింటికి రా" అంది. ఉద్యోగం వచ్చేసింది. సురేష్ అన్న ఎక్కడున్నా చల్లగా ఉండాలని దండం పెట్టుకున్నాను. ఆ దండం తరవాత వాపసు తీసుకున్నాను.

ఆ హోటల్లో వంటగది పక్క గోడకు ఒక ఆకుపచ్చ పలక ఉండేది. ప్రతి చలికాలం, ఆటల సీజన్ అయిపోయాక, రోజూ వచ్చే ముసలాళ్ళు కూర్చుని కాలేజీ ఫుట్‌బాల్‌లో మహామహుల పేర్లు ఏరి ఆ పలక మీద రాస్తారు. ఏడాదంతా ఆ జట్టు అలా గోడ మీద ఉంటుంది. ఏ కాలేజీ వాళ్ళయినా సరే, గడిచిన అయిదేళ్ళలో ఆడినవాళ్ళు, మొత్తం పన్నెండు పేర్లు. అది వాళ్ళ కలల జట్టు. ఆ జట్టు ఎక్కడా ఆడదు, ఎవరితోనూ తలపడదు. కానీ దానికోసం వీళ్ళు తలపడే తీరు చూస్తే, మన ఊళ్ళో పంచాయతీ ఎన్నికలు నయం.

ఆ ముసలాళ్ళకు నాయకులు ఇద్దరు. మర్రే, స్టాన్. ఇద్దరూ డెబ్భై దాటిన రైతులు, పక్కపక్క పొలాలవాళ్ళు. పొలాలు పిల్లలకిచ్చేసి ఊళ్ళోకి వచ్చి, నలభై ఏళ్ళ స్నేహాన్ని డొరీన్ హోటల్లో ఒకే బల్ల దగ్గర గడుపుతున్నారు. మర్రే డొరీన్‌కు స్వయానా అన్న. మర్రే మనవడు టైలర్ అక్కడి యూనివర్సిటీ జట్టులో ఆడేవాడు. బంతి చేత్తో విసిరి జట్టును నడిపించేవాడు అతనే. ఊళ్ళో అతను కనిపిస్తే పిల్లలు ఫొటో కోసం ఎగబడేవాళ్ళు. అతని ఆట సంగతులేవీ అప్పుడు నాకు తెలియవు. మర్రే గారి మనవడు, బాగా తింటాడు, అంతవరకే తెలుసు.

ఆ ఏడాది గొడవ టైలర్ దగ్గరే వచ్చింది. మర్రే జట్టులో మొదటి పేరు టైలర్‌ది రాయమన్నాడు. స్టాన్, "తాత కూర్చుని మనవణ్ణి ఎంచితే దాన్ని జట్టు అనరు, పెళ్ళిసంబంధం అంటారు" అన్నాడు. అతని లెక్కలో క్యూబెక్ కాలేజీ కుర్రవాడొకడు టైలర్ కంటే గొప్పవాడు. మాటకు మాట పెరిగింది. మర్రే తన కప్పు తీసుకుని కిటికీ దగ్గరి బల్లకు మారిపోయాడు. హోటలు రెండు పార్టీలయింది. రెండు వారాలు ఇద్దరికీ మాటల్లేవు. ఉప్పు కావాలన్నా, "ఆ బల్ల దగ్గరున్న పెద్దమనిషిని ఉప్పు అడుగు" అని నాతో చెప్పించేవారు. నేను అంట్లు తోమడం మానేసి రాయబారాలు మోస్తున్నాను. స్టాన్ పక్షం వాళ్ళు కొందరు రోడ్డుకు అవతల ఉన్న వేరే కాఫీ దుకాణానికి వెళ్ళడం కూడా మొదలుపెట్టారు. డొరీన్ రోజూ కిటికీలోంచి అటు చూసి నిట్టూర్చేది.

ఒక గురువారం నేను పెనాలు తోముతుంటే డొరీన్ నన్ను బయటికి పిలిచింది. ఆవిడ పలికే పద్ధతిలో నా పేరు వాసంటా.

"వాసంటాకు కాలేజీ ఫుట్‌బాల్ అంటే ప్రాణం," అంది రెండు బల్లలకూ వినిపించేలా. "చిన్నప్పటి నుంచీ. తను ఈ ఊరిది కాదు, క్యూబెక్‌ది కాదు, ఎవరికీ మనవరాలు కాదు. ఈ ఏటి జట్టు తను ఎంచుతుంది. ఆదివారం చదువుతుంది. అదే రాస్తాం. ఒప్పుకుంటారా?"

మర్రే నన్ను చూశాడు. స్టాన్ నన్ను చూశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా తలూపారు.

ఇక్కడ ఆగి మీకో విషయం చెప్పాలి. ఆ క్షణంలో నేను "నాకు తెలియదండీ" అనవచ్చు. అయిదు సెకన్ల పని. నవ్వేసి ఊరుకునేవాళ్ళు. కానీ నా కళ్ళముందు ఏం కనిపించిందంటే, తలుపు బయట నా షిఫ్టుల కోసం నిలబడ్డ నలభై మంది. రెజ్యూమెలో అబద్ధం రాశానని తెలిస్తే ఉద్యోగం పోతుంది. మళ్ళీ మంచులో రెండు నెలలు. నాన్నకు ఫోన్. అందుకని "తప్పకుండానండీ" అన్నాను. అని ఊరుకున్నానా? "నాకూ ఎప్పటినుంచో ఒక జట్టు మనసులో ఉంది" అన్నాను. కొరివితో తల గోక్కునేవాళ్ళు ఉంటారని విన్నాను, దాంతో జడ వేసుకున్నది నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఇంటికెళ్ళి స్వప్నతో చెప్పాను. స్వప్న నా రూమ్మేటు, కరీంనగర్ పిల్ల, మొహమాటం అనేది తెలియనిది.

"నీకు ఫుట్‌బాల్ తెల్వదు గదనే," అంది.

"తెలియదు."

"మరి పోయి గదే చెప్పరాదు."

"చెబితే ఉద్యోగం పోతుందే. నా ఉద్యోగం కోసం బయట నలభై మంది ఉన్నారు."

"నలభై ఒక్కరు. నేను గూడ ఉన్న."

ఇలాంటి స్నేహితురాలితో ఒకే గదిలో ఉన్నాను నేను.

శనివారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ముందు ఒక మ్యాచ్ వీడియో పెట్టాను. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంది. హెల్మెట్లు పెట్టుకున్న ఒక గుంపు ఇంకో గుంపు మీద పడింది. ఈల వేశారు. లేచారు. మళ్ళీ పడ్డారు. ఎంతమంది ఆడుతున్నారో లెక్కపెడదామంటే ఒక్క క్షణం కుదురుగా నిలబడితేగా. పేరేమో ఫుట్‌బాల్, కాలితో తన్నేది గంటకోసారి. వీడియో ఆపేసి ఆటగాళ్ళ లెక్కల పట్టికలు తెరిచాను. గజాలట, పడగొట్టినవట, పట్టుకున్నవట. కొన్ని అంకెలు ఎక్కువుంటే గొప్పట, కొన్ని తక్కువుంటే గొప్పట. నేను నేలల్లో భాస్వరం కొలిచే చదువు చదువుతున్నాను, అంకెలంటే భయం లేదు. కానీ ఏ అంకె దేవుడో ఏది దెయ్యమో తెలియకపోతే ఎవరికి దండం పెట్టేది?

అప్పుడు దొరికింది, నా పాలిటి నిధి. ఆటతో పాటు చదువులోనూ రాణించిన ఫుట్‌బాల్ ఆటగాళ్ళ జాబితా. అన్ని కాలేజీలవాళ్ళూ, అయిదేళ్ళవీ. పేరు, కాలేజీ, ఎదురుగా మార్కుల శాతం. తొంభై ఏడు, తొంభై ఆరు, తొంభై అయిదు. నా కళ్ళకు నీళ్ళొచ్చాయి. మూడో తరగతి నుంచి నేను చదువుతూ వచ్చిన భాష అది.

"గివి సదువు మార్కులు," అంది స్వప్న నా భుజం మీదుగా చూసి.

"అవును."

"ఆటకు సదువు మార్కులేందే?"

"చదువులోనే ఇంత తెచ్చుకున్నవాడికి ఆట ఒక లెక్కా? మీ స్కూల్లో కబడ్డీ టీముకి కెప్టెన్ ఎవరు?"

"క్లాస్ ఫస్ట్ వచ్చే పిల్ల."

"చూశావా మరి."

"దానికి కబడ్డీ రాకుండె. ప్రతిసారి మేమే ఓడిపోయినం."

ఆ చివరి వాక్యం నా చెవిదాకా వచ్చింది గానీ లోపలికి రాలేదు. వినాశకాలే విపరీతబుద్ధి అన్నారు పెద్దలు. విపరీతబుద్ధికి పై నుంచి కింది దాకా ర్యాంకులు కూడా వేయడం మొదలుపెట్టాను.

మార్కుల వరస ప్రకారం మొదటి పదకొండు పేర్లు రాశాను. పదకొండు ఎందుకంటారా? జట్టంటే పదకొండు మంది. క్రికెట్‌లో అంతే, మనకు తెలిసిన ఫుట్‌బాల్‌లో అంతే, దేవుడు జట్టును పుట్టించినప్పుడే పదకొండు మందితో పుట్టించాడని నా గట్టి నమ్మకం. ఇద్దరికి సమానంగా మార్కులొచ్చిన చోట పుట్టిన తేదీలు వెతికి పెద్దవాడికి సీటిచ్చాను. ఎంసెట్‌లో అదే పద్ధతి. అన్యాయం జరిగిందని రేపు ఎవరూ కోర్టుకు వెళ్ళకూడదు కదా.

ఇక మిగిలింది టైలర్. అతని పేరు జాబితాలో కింద నుంచి చూసినా లేదు. కానీ యాజమాన్యం మనిషి, సీటివ్వకపోతే ఎలా? ఇస్తే స్టాన్ ఊరుకోడు. చాలాసేపు ఆలోచించి, పాము చావకుండా కర్ర విరగకుండా ఒక ఉపాయం కనిపెట్టాను. పలక మీద పన్నెండు పేర్లకు చోటుంది. క్రికెట్‌లో పన్నెండోవాడు ఏం చేస్తాడు? ఆడడు. ఆడేవాళ్ళకు నీళ్ళందిస్తాడు. టైలర్‌కు పన్నెండో స్థానం ఇచ్చాను. మేనేజ్‌మెంట్ కోటా. మర్రేకి మనవడు జట్టులో ఉన్నాడన్న తృప్తి, స్టాన్‌కు ఆడటంలేదన్న తృప్తి. ఇంత న్యాయంగా ఆలోచించే మనిషి ఈ దేశానికి ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చిందా అని నాకే అనిపించింది. కాగితం అందంగా టైపు చేసి, మార్కుల శాతంతో సహా గళ్ళు గీసి ప్రింటు తీశాను.

"నాకైతే మంచిగ అనిపిస్తలేదు," అంది స్వప్న. "రేపు నీ షిఫ్టులు ఖాళీ అయితే ముందు నాకే చెప్పు."

ఆదివారం పొద్దున హోటలు కిటకిటలాడింది. రోడ్డవతలికి వెళ్ళినవాళ్ళు కూడా తిరిగొచ్చారు. మర్రే పార్టీ కిటికీ వైపు, స్టాన్ పార్టీ గోడ వైపు, మధ్యలో పెళ్ళికి వచ్చిన పురోహితుడిలా నేను. టైలర్ కౌంటరు దగ్గర కూర్చుని పాన్‌కేకులు తింటున్నాడు. డొరీన్ చెంచాతో గ్లాసు మీద కొట్టి, "కానివ్వు" అంది.

గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ఇంటిపేర్లు ఇక్కడ చెప్పను, వాళ్ళంతా ఇప్పుడు పెద్ద ఉద్యోగాల్లో ఉండి ఉంటారు.

"మొదటి స్థానం, నోలన్. తొంభై ఏడు."

స్టాన్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఎవరూ?"

"తొంభై ఏడు ఏమిటి, గజాలా?" అన్నాడు మర్రే.

"శాతం," అన్నాను.

"దేంట్లో శాతం?"

"అన్ని సబ్జెక్టులూ కలిపి. ఇంజనీరింగ్."

మర్రే చేతిలోని కప్పు నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. ఇది మెచ్చుకోలు అనుకున్నాను. మీరు నమ్మండి, మెచ్చుకోలనే అనుకున్నాను.

"రెండో స్థానం, గ్రేమ్. తొంభై ఆరు."

"ఆగాగు," అన్నాడు స్టాన్. "గ్రేమ్ అంటే ఆ పొడుగాటి పశువుల డాక్టరు కాదు కదా? మొన్న మావాడి ఆవుకు పురుడు పోసింది అతనే. అతను ఫుట్‌బాల్ ఆడాడా?"

జవాబు కిటికీ వైపు నుంచి వచ్చింది. "ఆడలేదు," అన్నాడు మర్రే. "నాలుగేళ్ళు బెంచీ మీద కూర్చున్నాడు. మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని."

రెండు వారాల్లో మర్రే స్టాన్‌తో నేరుగా అన్న మొదటి మాట అది. నేను గమనించలేదు. నేను సమర్థించుకునే పనిలో ఉన్నాను. "అందుకేనండీ తొంభై ఆరు," అన్నాను.

మూడో పేరు చదివాను. నాలుగు, అయిదు, ఆరు చదివాను. స్టాన్ వేళ్ళు ముడుస్తున్నాడు. ఆరో పేరు దగ్గర చేయి ఎత్తాడు.

"అమ్మాయీ, ఇప్పుడు చదివిన నలుగురూ బంతి తన్నేవాళ్ళే. మొత్తం ఆటలో వాళ్ళకు పనుండేది నాలుగు నిమిషాలు."

"మిగతా టైములో చదువుకుని ఉంటారు," అన్నాడు మర్రే.

"నలుగురు తన్నేవాళ్ళను పెట్టావు సరే. బంతి విసిరేవాడు ఎవడు?"

"విసరాలా?" అన్నాను.

అది నా నోట్లోంచే వచ్చింది. పక్కవాళ్ళెవరో అన్నారేమోనని నేను కూడా ఒకసారి అటూ ఇటూ చూశాను. ఎక్కడో ఒక ఫోర్కు కింద పడింది. ఆ ఆట మొత్తం ఒకడు బంతి విసిరితే ఇంకొకడు పట్టుకోవడం మీద నడుస్తుందట. చిన్నప్పటి నుంచీ ఫుట్‌బాల్ అంటే ప్రాణమైన మనిషికి అది తెలిసి ఉండాలట.

అక్కడైనా ఆపాలి కదా. కాగితం నమిలి మింగేయాలి కదా. లేదు. మధ్యలో ఆపితే మర్యాద కాదని మిగతా పేర్లూ గబగబా చదివేశాను. ఏడోవాడు గణితం, ఎనిమిదోవాడు ఫార్మసీ. పదకొండోవాడు ఎప్పుడో కాలు విరిగి ఆట మానేసి, ఆ తరవాతే మార్కులు పెంచుకున్నాడని ఎవరో చెప్పారు. ఇక చివరిది. ఇదొక్కటి చదివితే అంతా సర్దుకుంటుందని నా ఆశ.

"పన్నెండోవాడు, టైలర్."

మర్రే మొహం విప్పారింది. "పోనీలే, చివరికైనా ఒక్కడు..."

"ఈయన ఆడేవాళ్ళకు నీళ్ళందిస్తాడు," అని పూర్తి చేశాను.

"నీళ్ళు," అన్నాడు మర్రే.

"ఆడేది పదకొండు మందే కదండీ. పన్నెండోవాడు నీళ్ళు తెస్తాడు. అది గౌరవమైన స్థానమేనండీ. మా దేశంలో పెద్ద పెద్దవాళ్ళు కూడా తెచ్చారు."

స్టాన్ చాలా నెమ్మదిగా, రోగికి జబ్బు పేరు చెప్పే డాక్టరులా చెప్పాడు. "అమ్మాయీ, కెనడాలో ఒక పక్కన పన్నెండు మంది ఆడతారు. పన్నెండు మందీ ఆడతారు."

అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్ళెవరని మనవాళ్ళు అడుగుతారు. ఇక్కడ మాత్రం పన్నెండు మందికీ అందలమేనట. హోటలంతా తలతిప్పి టైలర్ వైపు చూసింది. అతను నోట్లో ఉన్న ముక్క నమిలి మింగి, తుడుచుకుని, లేచాడు. ఆరడుగుల పైన మనిషి. నా మీదికి వస్తున్నాడనుకున్నాను. కౌంటరు మీద ఉన్న నీళ్ళ జగ్గు తీసుకుని, మొదటి బల్ల దగ్గరికెళ్ళి, గ్లాసుల్లో పోయడం మొదలుపెట్టాడు.

"కూర్చోరా," అన్నాడు మర్రే.

"సెలెక్టరు చెప్పాక తప్పుతుందా తాతా," అన్నాడు టైలర్. మొహంలో నవ్వన్నది లేదు. స్టాన్ గ్లాసు కూడా నింపాడు.

ముందు స్టాన్ భుజాలు కదిలాయి. తరవాత బల్ల కదిలింది. ఆ తరవాత హోటలు కదిలింది. ముసలాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. మర్రే కిటికీ దగ్గర నుంచి లేచి, కప్పు పట్టుకుని, స్టాన్ బల్ల దగ్గరికి వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ నా కాగితం లాక్కుని తలలు దగ్గర పెట్టి చదువుతున్నారు.

"నలుగురు తన్నేవాళ్ళు, స్టాన్."

"ఒక పశువుల డాక్టరు."

"కాలు విరిగినవాడు."

"డెబ్భై ఏళ్ళుగా చూస్తున్నాను, ఇంత చెత్త జట్టు ఎక్కడా చూడలేదు."

"నిజం. నువ్వన్నది ముమ్మాటికీ నిజం."

నాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది. ఉద్యోగం పోయిందన్న సంగతి తప్ప నాకింకేమీ వినిపించడం లేదు. వంటగదిలోకి వెళ్ళి ఏప్రన్ విప్పి, నాలుగు మడతలు పెట్టి, సింకు పక్కన పెట్టాను. సాయంత్రం నాన్నకు ఫోన్‌లో ఏ వాక్యంతో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుండగా డొరీన్ లోపలికి వచ్చింది. ఆవిడ కూడా కళ్ళు తుడుచుకుంటోంది.

"నాకు ఫుట్‌బాల్ తెలియదండీ," అన్నాను. "ఆ వాక్యం నాది కాదు. సురేష్ అన్నది. ఆయన ఎవరో కూడా నాకు తెలియదు. చిన్నప్పటి నుంచీ అన్నది మాత్రం నాదే. క్షమించండి."

డొరీన్ చెంచాల కింది సొరుగు లాగింది. లోపల రబ్బరు బ్యాండు వేసిన ఒక కాగితాల కట్ట. నా చేతికిచ్చింది. అన్నీ రెజ్యూమెలే. మొదటిది తీశాను. చిట్టచివర, "కాలేజీ ఫుట్‌బాల్‌ను ఎంతో శ్రద్ధగా అనుసరిస్తాను." రెండోది, అదే. మూడోది, అదే.

"ఆ నెలలో ముప్పై ఏడు వచ్చాయి," అంది డొరీన్. "ముప్పై ఏడు మంది, ఒకటే వాక్యం. అందులో ఇద్దరు పైన పేరు మార్చడం కూడా మరిచిపోయారు. వాళ్ళిద్దరూ సురేషే."

"మరి నాకు ఉద్యోగం ఎందుకిచ్చారు?"

"గిన్నెలు తోమడానికి మనిషి కావలసి వచ్చింది. గిన్నెలకు ఫుట్‌బాల్‌తో పనేముంది?"

మూడు నెలలుగా నేను మోసిన భయం అంతా ఆ ఒక్క ముక్కతో నేల మీద పడింది. ఎక్కడలేని తేలిక. ఆ తేలికతో పాటే, వెనకాలే, కోపం.

"మరి అన్నీ తెలిసి, జట్టు ఎంచమని నాకెందుకిచ్చారండీ?"

డొరీన్ తలుపు తోసి బయటికి చూపించింది. మర్రే, స్టాన్ ఒకే బల్ల దగ్గర, నా జట్టును తిట్టుకుంటూ, ఒకే ఉప్పుడబ్బా వాడుకుంటున్నారు.

"ఎవరు ఎంచినా ఆ ఇద్దర్లో ఒకడికి కోపం వస్తుంది," అంది. "ఇద్దరికీ ఒకేసారి కోపం తెప్పించే మనిషి కావాలి. ఆట గురించి బొత్తిగా తెలియనిదానివి, నువ్వయితే సరిపోతావనుకున్నాను." ఏప్రన్ మడతలు విప్పి నా చేతిలో పెట్టి అంది. "కానీ ఇంత బాగా చేస్తావని మాత్రం అనుకోలేదు."

మూడో తరగతి నుంచి ఎమ్మెస్సీ దాకా నాకు వచ్చిన ప్రతి సీటూ మార్కులు చూసి ఇచ్చిందే. ఏమీ రాదన్న ఒకే ఒక్క అర్హత మీద, పోటీ లేకుండా, నాకు దక్కిన సీటు మాత్రం అదొక్కటే. ఆ జట్టు ఏడాది పాటు ఆ పలక మీద, శాతాలతో సహా, అలాగే ఉంది. కొత్త మనిషి ఎవరొచ్చినా మర్రే, స్టాన్ చెరో పక్కన నిలబడి దాన్ని చదివి వినిపించేవాళ్ళు. చివర్లో వంటగది వైపు చేయి చూపించేవాళ్ళు. నేను సబ్బు నురుగు చేతులతో బయటికి వచ్చి నమస్కారం పెట్టాలి. పెట్టేదాన్ని. ఉద్యోగం కదా.

అందుచేత సస్కాచెవాన్ గోధుమ చేల సాక్షిగా, నా మార్కుల జాబితాలన్నిటి సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నన్నెవరు ఏ ఆట గురించి అడిగినా, అది తొక్కుడుబిళ్ళ అయినా సరే, చేతులు కట్టుకుని "నాకు తెలియదండీ" అంటాను. తొక్కుడుబిళ్ళ నాకు నిజంగానే వచ్చు. అయినా అంటాను.